ఒక ఇంగ్లీషు మాట వెనుక ఉన్న అర్థాలనూ దాని పుట్టుకనూ ఎలా వెదకాలి?

దుకాణం ముందు వేలాడేది బోర్డు, గుడి వ్యవహారాలు చూసే పాలకమండలీ బోర్డే, పదో తరగతి పిల్లలు రాసేవి బోర్డు పరీక్షలు, విమానం ఎక్కేవారు చూపేది బోర్డింగ్ పాస్. ఇటువంటి మాట ఎదురైనప్పుడు, ముందుగా తెలిసిన వాడుకలన్నిటినీ, తెలుగులో స్థిరపడినవాటితో సహా, ఒక కాగితం మీద రాసుకోవాలి.

తరువాత, అర్థాలను కాలక్రమంలో ఇచ్చే నిఘంటువును తెరవాలి. 1884 నుంచి భాగాలుగా వెలువడి 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు అటువంటిది. ప్రతి అర్థానికీ అది పాత రచనల నుంచి సంవత్సరాలతో సహా ఉదాహరణలు చూపుతుంది. నేటి వాడుకను ముందు పెట్టే చిన్న నిఘంటువులు ఈ పనికి అంతగా అక్కరకు రావు.

అన్నిటికన్నా పాత అర్థాలలో చేతికి తగిలే వస్తువు ఏదో చూసి, అక్కడి నుంచి బయలుదేరాలి. బోర్డు విషయంలో అది చెక్క పలక. పలకకు కాళ్లు అమరిస్తే భోజనపు బల్ల అయింది. బల్ల పేరు దాని మీద వడ్డించే తిండికి వచ్చింది. డబ్బు కట్టి ఒకచోట తిని ఉండేవాడు బోర్డరు అయ్యాడు, మన బోర్డింగ్ స్కూలుదీ ఆ తోవే. అదే బల్ల చుట్టూ కూర్చుని ఆలోచన చేసే పెద్దలకు కూడా ఆ పేరే స్థిరపడింది కాబట్టి, 1786లో మద్రాసులో ఏర్పడిన రెవెన్యూ బోర్డులో పలక జాడ లేకపోయినా పేరు మిగిలింది.

కాగితం మీద ఈ వరుసలో ఇమడనివి ఉంటే, వాటిని బలవంతంగా అతికించకుండా వేరే గీత గీయాలి. బోర్డింగ్ పాస్ బల్ల నుంచి రాలేదు. ప్రాచీన ఆంగ్లంలో ఇదే మాటకు ఓడ పక్కభాగం అనే అర్థం కూడా ఉండేది, ఓడ ఎక్కడం అందులో నుంచి వచ్చింది. చుక్కాని తెడ్డును కుడివైపున కట్టే కాలంలో ఆ పక్కకు స్టార్‌బోర్డ్ అనే పేరు వచ్చింది. ఎడమ పక్కను లార్‌బోర్డ్ అనేవారు. కేక వేస్తే రెండూ ఒకేలా వినిపించేవి కాబట్టి, 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డ్ బదులు పోర్ట్ అనాలని ఆదేశించింది.

చివరగా, ప్రచారంలో ఉన్న కథలను సాక్ష్యంతో సరిచూడాలి. ఇండియాకు వచ్చేటప్పుడు పోర్ట్ వైపు, తిరిగి వెళ్లేటప్పుడు స్టార్‌బోర్డ్ వైపు నీడపట్టున గదులు తీసుకునే సంపన్నుల టికెట్ల మీది పొడి అక్షరాల (పోర్ట్ ఔట్, స్టార్‌బోర్డ్ హోమ్) నుంచే, దర్జా అయినది అనే అర్థమున్న పోష్ అనే మాట పుట్టిందని చెబుతారు. కథ ముచ్చటైనదే గాని, అటువంటి టికెట్ ఇంతవరకు ఒక్కటి కూడా బయటపడలేదు.