దాచిన జాకెట్టు ముక్కలు, పాత చీరలతో ఏం కుట్టుకోవచ్చు

పేరంటాల్లో బొట్టు పెట్టి ఇచ్చిన జాకెట్టు ముక్కలు, అమ్మ కట్టి దాచిన మంగళగిరి, వెంకటగిరి చీరలు, టైలరు తిరిగిచ్చిన లైనింగ్ మిగుళ్లు: మా బీరువా కింది అర నిండా ఇవే. ఏ గుడ్డ అంటే ఎక్కువ ఇష్టమో దాన్నే ముందు కుట్టమంటాను. ఏళ్ల తరబడి మడతలో ఉంటే నూలుకు పసుపు మరకలు పడతాయి, పట్టు ఆ మడత మీదే పిగిలిపోతుంది.

ముందు గుడ్డ రకం తెలియాలి. అంచున రెండు పోగులు లాగి, సింకు మీద పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిదవుతుంది. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. మా ఇంట్లో పేరంటం ముక్కలు చాలావరకు ఈ రకమే. అది చెమట పీల్చదు కాబట్టి దిండ్లకు వద్దు. కూరల సంచులకు, మిషను కవరుకు మాత్రం అదే మేలు, ఉతికితే ఇట్టే ఆరుతుంది.

నూలు ముక్కల్ని రాత్రంతా నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి అప్పుడే కత్తెర పట్టండి. కుట్టాక కుంచించుకుపోతే చేసేదేమీ లేదు. ముదురు ఎరుపు, నీలం వేరువేరుగా నానాలి. పాత గుడ్డయితే మడత దగ్గర రెండు చేతులా లాగి చూడండి. పిగిలిందా, ఆ మేరకు కత్తిరించేయండి, జాలిపడొద్దు.

నాకు బాగా నచ్చిన పని దిండు గలీబు. మా దిండ్లు 16 అంగుళాల వెడల్పు, 26 పొడవు. 36 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) ఉన్న 80 సెంటీమీటర్ల నూలు ముక్క ఒకదానికి సరిగ్గా సరిపోతుంది. పన్నాలోంచి 17 అంగుళాల వెడల్పున రెండు పట్టీలు తీసి, చివరకు చివర అతికితే సుమారు 62 అంగుళాల పట్టీ వస్తుంది, దాన్ని 60కి కత్తిరించుకోండి. రెండు చివర్లనూ అరంగుళం చొప్పున రెండుసార్లు మడిచి కుట్టండి, 58 మిగులుతుంది. మంచివైపు పైకి ఉండేలా పరిచి, ఒక చివర నుంచి 26 అంగుళాలు మడవండి. రెండో చివర మిగిలిన 6 అంగుళాలను దాని పైకి మడవండి. ఈ వరస మారకూడదు. చిన్న మడత ముందు వేస్తే, తిరగేశాక అది బయటికి వచ్చేస్తుంది. రెండు పక్కలా అరంగుళం వదిలి కుట్టి, అంచులకు జిగ్‌జాగ్ వేసి తిరగేయండి. జిప్పు, గుండీలు అక్కర్లేదు, దిండు బయటికి జారదు. నానాక ముక్క కాస్త తగ్గితే 6 బదులు 4 అంగుళాల మడత పెట్టినా చాలు. రెండు పట్టీలూ రెండు రంగులవైతే ఇంకా బాగుంటుంది.

పట్టు చీర ఒళ్లంతా పిగిలినా జరీ అంచు గట్టిగానే ఉంటుంది. దాన్ని కత్తిరించి, వెనక నూలు లైనింగ్ వేస్తే గుమ్మానికి తోరణమవుతుంది. జరీ మీద నేరుగా ఇస్త్రీ పెట్టొద్దు, పైన పలచని గుడ్డ వేయండి.

మెత్తబడిన నూలు చీరలన్నీ బొంతకే. ఐదున్నర మీటర్ల చీర సగానికి మడిస్తే సుమారు 9 అడుగులు. అలాంటివి మూడు పేరిస్తే ఆరు పొరలు, చలికాలానికి హాయిగా సరిపోతుంది. అన్నిటికన్నా మెత్తనిది ఒంటికి తగిలే వైపు ఉంచండి. మిషను మీద అన్ని పొరలు ఒకేసారి నడవకపోతే చేత్తోనే కుట్టండి, లావు దారంతో. మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు వెళ్లాలి, లేకపోతే లోపలి పొరలు ముడతలు పడి ఒక మూలకు చేరతాయి.