ఎంజీబీ డాష్‌బోర్డ్ విప్పి పెట్టాక మీటర్లు తిక్కగా చూపిస్తున్నాయా? ముందు ఎర్త్ చూడండి

ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారు గురించి ఇది. అందులోనూ నల్లటి గరుకు పెయింట్ వేసిన రేకు డాష్‌బోర్డ్ ఉన్న కార్ల గురించి. 1968 నుంచి అమెరికాకు వెళ్లిన కార్లకు లావుపాటి మెత్తటి డాష్‌బోర్డ్ వచ్చింది. దాన్ని విప్పే పద్ధతి వేరు, కానీ ఎర్త్ (కరెంటు కారు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) గొడవ దానికీ ఇదే.

పానా పట్టడం, వైర్లకు చీటీలు కట్టడం, ఫోటోలు తీసుకోవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. బ్యాటరీ సంగతి ఒక్కటి చెప్పాలి. క్రోమ్ బంపర్ కార్లలో సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. ఎర్త్ కేబుల్ తీయకుండా డాష్‌బోర్డ్ వెనక చెయ్యి పెట్టకండి. అక్కడ ఉండే బ్రౌన్ వైరుకు తాళం ఆపేసినా కరెంటు వస్తూనే ఉంటుంది, పైగా మధ్యలో ఫ్యూజ్ లేదు. అది రేకుకు తగిలితే కాలేది ఫ్యూజ్ కాదు, వైరింగే.

ఇంకొకటి, దాదాపు ఎవరూ చెయ్యనిది. మొదటి మర తీయకముందే తాళం తిప్పి, ఏ మీటర్ పనిచేస్తోందో, ఏ లైటు వెలుగుతోందో ఒక కాగితం మీద రాసుకోండి. ఐదు నిమిషాల పని. ఇది మానేసి, ఆర్నెల్ల తర్వాత అన్నీ బిగించాక ఫ్యూయల్ ముల్లు కదలకపోతే, అది ముందు కదిలేదో లేదో గుర్తుండదు. వెతుకుతున్నది కొత్త జబ్బో పాతదో తెలియకుండా వైరింగ్ అంతా పీకుతారు.

నట్లన్నీ తీశాను, డాష్‌బోర్డ్ కదలడం లేదు

అన్నీ తీయలేదు. కింద కనిపించే మరలు అందరూ తీస్తారు. పైఅంచు వెంట, విండ్‌స్క్రీన్ కింద ఉండే నట్లు బయటికి కనపడవు. వెనక నుంచి చేత్తో తడిమితేనే దొరుకుతాయి. స్పీడోమీటర్, టాకోమీటర్ (ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపేది) ముందే తీసేస్తే ఆ కన్నాల్లోంచి చెయ్యి పోతుంది, పని సగం తేలికవుతుంది. చివరి మూలల్లో ఉన్నవి మర్చిపోతారు. స్టీరింగ్ కాలమ్ బోల్టులు వదులు చేసి కాలమ్‌ను కిందికి దించితే గానీ డాష్‌బోర్డ్‌కు దారి ఉండదు. పైఅంచులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి. రేకు వంగుతుంది, బాడీ పెయింట్ లేస్తుంది.

హీటర్ నాబ్‌లు లాగినా రాకపోతే నాబ్ పక్కన చిన్న రంధ్రం వెతకండి. సన్నని తీగతో లోపలి పిన్నును నొక్కితే నాబ్ ఊడి చేతిలోకి వస్తుంది.

వదులైంది, కానీ ముందుకు లాగితే ఏదో పట్టుకుంటోంది

ఇక్కడే లాగడం ఆపాలి. చోక్ కేబుల్, స్పీడో కేబుల్ అయితే పెద్ద నష్టం లేదు. ఆయిల్ ప్రెషర్, నీటి వేడి రెండూ చూపించే జంట మీటర్ వెనక ఇంకో సన్నని గొట్టం ఉంటుంది. అది వైరు కాదు. లోపల ద్రవం నింపి సీలు చేసిన గొట్టం, దాని కొస సిలిండర్ హెడ్‌లో ఉంటుంది. అది ఒకచోట విరిగిందంటే వేడి ముల్లు ఇక లేవదు, నిపుణులకు పంపి మళ్లీ నింపించాల్సిందే.

కాబట్టి ముందు కూలెంట్ దించి, హెడ్ దగ్గర ఆ గొట్టం నట్టు విప్పాలి. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి తిరిగిన 1489 సీసీ ఇంజన్, దీని 1798 సీసీ ఇంజన్ ఒకే బీ-సిరీస్ వంశం. ఈ హెడ్ చూస్తే మన మెకానిక్‌లకు కొత్తగా ఏమీ అనిపించదు. తుప్పు పట్టి నట్టుతో పాటు గొట్టం కూడా తిరుగుతుంటే బలం పెట్టకండి. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయండి. అప్పటికీ రాకపోతే మీటర్‌ను డాష్‌బోర్డ్ నుంచి వేరుచేసి కారులోనే ఒక పక్క కట్టేసి, డాష్‌బోర్డ్ ఒక్కటే బయటికి తీయండి.

ఆయిల్ పైపు మీటర్ వెనక విప్పుతారు. అందులో చిన్న తోలు వాషర్ ఉంటుంది. అది పారేసుకుంటే తర్వాత కాళ్ల మీద వేడి ఆయిల్ కారుతుంది.

అన్నీ బిగించాను, మీటర్లు, లైట్లు పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తున్నాయి

అసలు విషయం ఇది. లక్షణాలు ఇలా ఉంటాయి. ట్యాంకులో సగమే పెట్రోల్ ఉన్నా ముల్లు ఫుల్ దాటి పోతుంది. మీటర్ లైట్లు మందంగా వెలుగుతాయి. పార్కింగ్ లైట్లు వేస్తే స్పీడోమీటర్‌లోని హైబీమ్ నీలం లైటు కూడా మసగ్గా వెలుగుతుంది. నిజంగా హైబీమ్ వేస్తే రెండూ ఆరిపోతాయి! ఇది చూసినవాడు లైటు స్విచ్ పోయిందని స్విచ్ కొంటాడు, తర్వాత మీటర్ కొంటాడు. ఎంజీబీకి పార్టులు దాదాపు అన్నీ ఇంకా కొత్తవి దొరకడమే ఒక రకంగా శాపం. వెతకడం కంటే కొనడం తేలిక. కొత్త ఫ్యూయల్ మీటర్ కూడా పాతదానిలాగే ఫుల్ దాటి చూపిస్తోందని దిగాలుగా వచ్చిన కార్లు నేను చాలా చూశాను.

కారణం ఎర్త్ లేకపోవడం. మీటర్ లోపలి దీపాలకు కరెంటు ఎరుపు-తెలుపు వైరులో వస్తుంది, తిరుగుదారి మీటర్ ఇనుప డబ్బా. డబ్బాకు ఎర్త్ ఇచ్చేది వెనక పట్టీని బిగించే చేతినట్టు కింద ఉండే నల్ల వైరు. ఆ వైరు పెట్టడం మరిచిపోయినా, దాని అవతలి కొస కొత్త పెయింట్ మీద బిగించినా డబ్బాకు దారి మూసుకుపోతుంది. కరెంటు ఊరుకోదు. మీటర్ దీపం గుండా డబ్బాలోకి వచ్చి, అక్కడి నుంచి నీలం దీపం గుండా వెనక్కి నడిచి, నీలం-తెలుపు వైరులో పోయి, హెడ్‌లైట్ హైబీమ్ ఫిలమెంట్ దారిలో ఎర్త్ వెతుక్కుంటుంది. అందుకే రెండూ మసగ్గా వెలుగుతాయి. హైబీమ్ వేశారంటే రెండు వైపులా 12 వోల్టులే, కరెంటు పోవడానికి చోటు లేదు, కాబట్టి ఆరిపోతాయి. ఈ ఒక్క లక్షణం కనిపించిందంటే స్విచ్ జోలికి పోనక్కర్లేదు.

ఫ్యూయల్ ముల్లుదీ అదే కథ. మరీ తొలి కార్లు వదిలేస్తే, ఆ మీటర్‌కు కరెంటు నేరుగా రాదు, వోల్టేజ్ స్టెబిలైజర్ ద్వారా వస్తుంది. డాష్‌బోర్డ్ వెనక బాడీకి మరతో బిగించి ఉండే చిన్న డబ్బా అది. లోపల వేడెక్కి వంగే పట్టీ ఒకటి కరెంటును ఇస్తూ ఆపుతూ సగటున 10 వోల్టులు పంపుతుంది. ఆ పట్టీని వేడిచేసే తీగకు ఎర్త్ దొరికేది బిగించిన మర దగ్గరే. మర కింద పెయింట్ ఉంటే పట్టీ వేడెక్కదు, వంగదు, 12 వోల్టులూ, ఇంజన్ తిరుగుతుంటే ఇంకా ఎక్కువ, నేరుగా మీటర్‌లోకి పోతాయి.

రిస్టోర్ చేసిన కార్లకే ఈ రోగం ఎందుకంటే, మనమే తెచ్చిపెడతాం. డాష్‌బోర్డ్‌కు పౌడర్ కోటింగ్ వేయిస్తాం, బల్క్‌హెడ్‌కు (ఇంజన్‌కూ సీట్ల భాగానికీ మధ్య ఉండే రేకు గోడకు) మూడు పొరలు పెయింట్ కొట్టిస్తాం. ముందున్న తుప్పు రేకు కనీసం ఎర్త్ ఇచ్చేది.

మనిషిని నిజంగా ఏడిపించేది ఇంకోటుంది. ఎర్త్ కొన్నిసార్లు దొంగదారిలో దొరుకుతుంది. స్పీడో కేబుల్ ఇనుప తొడుగు గేర్‌బాక్స్‌ను తాకి ఉంటుంది, జంట మీటర్ గొట్టం ఇంజన్ హెడ్‌ను తాకి ఉంటుంది. అందుకని ఒక మీటర్ బాగుంటుంది, పక్కది బాగోదు. గ్యారేజీలో బాగుంటుంది, గతుకుల రోడ్డు మీద పోతుంది. బల్ల మీద టెస్ట్ చేస్తే మీటర్ బంగారంలా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ఎర్త్ క్లిప్ పెట్టింది మనమే. నన్ను ఎక్కువ సతాయించిన కార్లు ఇలాంటివే.

పరీక్షకు మల్టీమీటర్ చాలు. ఓమ్స్‌లో (నిరోధం కొలిచే సెట్టింగులో) చూడకండి, ఒక్క పోగు తగిలి ఉన్నా బాగుందని చెప్తుంది. వోల్ట్స్‌లో పెట్టి, లైట్లు వేసి, ఒక ప్రోబ్ మీటర్ డబ్బా మీద, రెండోది బ్యాటరీ ఎర్త్ పోస్ట్ మీద పెట్టండి. దాదాపు సున్నా రావాలి. ఒకటి రెండు వోల్టులు వచ్చినా దొరికినట్టే. 1967 దాకా ఎంజీబీలు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసే బాడీకి కలిపి ఉంటుంది, కాబట్టి అంకె ముందు మైనస్ కనిపిస్తే కంగారు పడకండి. తర్వాత బ్యాటరీ ఎర్త్ నుంచి ఒక పొడవాటి వైరు తెచ్చి మీటర్ డబ్బాకు తాకించండి. లైట్లు ఒక్కసారిగా ప్రకాశవంతమైతే పార్టుల బుట్టలో వేసిన స్విచ్ తీసేయొచ్చు. వైరు స్టెబిలైజర్ డబ్బాకు తాకిస్తే ఫ్యూయల్ ముల్లు నిదానంగా తన చోటికి దిగుతుంది. ఆ మీటర్ స్వభావమే నిదానం, నిమిషం ఆగండి.

బాగుచేయడానికి, బాడీకి నల్ల వైర్లు బిగించే చోట, స్టెబిలైజర్ మర కింద రూపాయి బిళ్ళంత మేర ఉప్పు కాగితంతో రుద్ది రేకు తళతళలాడేలా చేయండి. పళ్ల వాషర్ పెట్టి బిగించి, పైన కాస్త వాజలైన్ రాయండి, తుప్పు పట్టదు. ప్రతి మీటర్ చేతినట్టు కింద నల్ల వైరు రింగు ఉందో లేదో వేలితో తడిమి చూడండి. ఆ నట్లు చేత్తోనే బిగించాలి, కటింగ్ ప్లేయర్ పెడితే వెనక స్టడ్ ఊడి వస్తుంది. డాష్‌బోర్డ్ నుంచి బల్క్‌హెడ్‌కు విడిగా ఒక నల్ల వైరు వేయడం నా అలవాటు. ఫ్యాక్టరీ అలా ఇవ్వలేదని వాదించేవాళ్లు ఉంటారు. ఫ్యాక్టరీ పౌడర్ కోటింగ్ కూడా వేయలేదు. పైఅంచు నట్లు పూర్తిగా బిగించకముందే బ్యాటరీ పెట్టి ఇవన్నీ చూసుకోండి, లేకపోతే మళ్లీ అంతా విప్పాలి.

స్టార్ట్ చేస్తుంటే చోక్ కేబుల్ వేడెక్కినా, పొగ వచ్చినా వెంటనే ఆపండి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ పెట్టడం మరిచారు, స్టార్టర్ కరెంటంతా ఆ సన్నని కేబుల్‌లో పోతోంది.

మిగతావి

మీటర్ లైట్లు అసలే వెలగకపోతే మసకబార్చే నాబ్‌ను అటూ ఇటూ పదిసార్లు తిప్పండి, తుప్పు వదులుతుంది. పాజిటివ్ ఎర్త్‌ను నెగటివ్‌కు మార్చిన కారులో టాకోమీటర్ చచ్చిపోతే దాని వైరింగ్ దిశ మార్చాలి, తెలిసినవాళ్లకు ఇవ్వండి. ట్యాంకులో పెట్రోల్ మట్టం కొలిచే ఫ్లోట్ పోవడం జరుగుతుంది గానీ అరుదు. అది కూడా ఎర్త్ చూశాకే.