స్పిట్‌ఫైర్ మోడల్‌కి డీ-డే చారలు, డెకాల్స్ ఎలా?

డీ-డే (మిత్రరాజ్యాల సేనలు నార్మండీలో దిగిన రోజు) నాటి, అంటే 1944 జూన్ నాటి స్పిట్‌ఫైర్ (బ్రిటిష్ యుద్ధవిమానం) మోడల్ చేస్తుంటే నలుపు తెలుపు చారలకి డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే స్టిక్కర్) వద్దు, రంగే వేయండి. అసలు విమానం మీద ఒక్కో చార 18 అంగుళాలు, అంటే 1/48 స్కేల్‌లో (అసలు సైజులో 48వ వంతు) 9.5 మిల్లీమీటర్లు, మూడు తెల్లవి, మధ్యలో రెండు నల్లవి. ముందు తెలుపు వేసి, బాగా ఆరాక టేప్ అంటించి నలుపు కొట్టండి. అంచులు కాస్త వంకరపోయినా పర్లేదు, అప్పట్లో చాలా విమానాలకి గ్రౌండ్ సిబ్బంది ఆదరాబాదరాగా బ్రష్‌లతోనే పూసేశారు.

తర్వాత గ్లాసీ వార్నిష్ తప్పనిసరి. గరుకు రంగు మీద డెకాల్ అంటిస్తే కింద గాలి చిక్కుకుని వెండి పొరలా మెరుస్తుంది, అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. సెట్టింగ్ ద్రావణం (డెకాల్‌ని మెత్తబరిచేది) రాశాక డెకాల్ ముడతలు పడొచ్చు, టెన్షన్ పడి ముట్టుకోకండి, ఆరేకొద్దీ అదే ప్యానెల్ గీతల్లోకి (విమానం రేకుల అతుకుల గీతలు) దిగి సర్దుకుంటుంది. గీతలకి ముదురు గోధుమ రంగు వాష్ (పలచటి రంగు) చాలు, నల్లది మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. చివరగా మ్యాట్ కోట్ (మెరుపు లేని వార్నిష్), దానిమీద ఎగ్జాస్ట్ మసి.