సెర్చ్‌లో సున్నా వచ్చిందా? అప్పుడే వదిలేయకండి

స్కాన్ చేసిన పాత పత్రికల్లో మాట వెతికితే ఏమీ రాలేదంటే, అది అక్కడ లేదని కాదు. మనం వెతికేది పేజీని కాదు, ఆ పేజీని ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్) చదివి రాసుకున్న పాఠాన్ని. అది తప్పు చదివితే మనకు దొరకదు.

1800కి ముందటి ఇంగ్లిష్ పుస్తకాలే చూడండి. అప్పట్లో మాట మొదట్లో, మధ్యలో వచ్చే ‘ఎస్’ అక్షరాన్ని పొడుగ్గా, ‘ఎఫ్’ లాగా అచ్చువేసేవారు. దాంతో ఓసీఆర్ చాలాసార్లు ‘బెస్ట్’ని ‘బెఫ్ట్’ చేసేస్తుంది! అందుకే ‘ఎస్’ బదులు ‘ఎఫ్’ పెట్టి కూడా ఓసారి వెతకండి. నాకైతే ఇలా చాలానే దొరికాయి.

ఆనాటి మాటలతో వెతకడం ఇంకా ముఖ్యం. 1916 నాటి పత్రికలో ‘ఫస్ట్ వరల్డ్ వార్’ అని కొడితే ఏం వస్తుంది? రెండోది వస్తుందని వాళ్లకేం తెలుసు, అప్పుడది ‘గ్రేట్ వార్’.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి పాత పత్రికల సైట్‌లో పేజీ బొమ్మతో పాటు ఓసీఆర్ పాఠం కూడా కనిపిస్తుంది. ఒక్క పేజీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ అక్షరాలు తారుమారవుతున్నాయో తెలిసిపోతుంది. ఆ తప్పులనే మళ్లీ సెర్చ్‌లో కొట్టండి.