కంపెనీ నెట్‌వర్క్‌కి ఏ నాట్ పెట్టాలి?

నాట్ (NAT) అంటే లోపలి మెషీన్ల ప్రైవేట్ ఐపీ అడ్రస్‌ని రౌటర్ బయటి పబ్లిక్ అడ్రస్‌గా మార్చడం. స్టాటిక్కా (ఒక్కో మెషీన్‌కి ఒక్కో స్థిరమైన పబ్లిక్ అడ్రస్), డైనమిక్కా (పూల్‌లోంచి, అంటే కొన్ని అడ్రస్‌ల గుంపులోంచి, ఖాళీగా ఉన్నది), పాటా (PAT, పోర్టులు వేరు చేసి చాలామందికి ఒకే అడ్రస్) అని తల పట్టుకునే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: కనెక్షన్ మొదలుపెట్టేది లోపలివాళ్లా, బయటివాళ్లా? సగం జవాబు అక్కడే ఉంటుంది.

ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు ఇంటర్నెట్‌కి వెళ్లడానికైతే పాట్ చాలు. సిస్కోలో ఓవర్‌లోడ్ అంటారు, లినక్స్‌లో మాస్కరేడ్. పని దాదాపు ఒకటే. 192.168.10.25 అనే మెషీన్ 51514 పోర్టు (కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబర్) నుంచి బయల్దేరిందనుకోండి, రౌటర్ ఆ అడ్రస్ తీసేసి తన పబ్లిక్ అడ్రస్ 203.0.113.5 పెట్టి, అవసరమైతే పోర్టు కూడా మార్చి, ఆ జతను టేబుల్‌లో రాసుకుంటుంది, జవాబు వచ్చినప్పుడు అది చూసే ఎవరిది వాళ్లకి పంపుతుంది. పోర్టు నంబర్లు 65,535 వరకు ఉంటాయి కాబట్టి చిన్న ఆఫీసుకు ఒక్క ఐపీ సరిపోతుంది. జనం పెరిగి, అందరూ ఒకే క్లౌడ్ సర్వీసు మీద పడితే మాత్రం పోర్టులు అయిపోయి కొందరికి పేజీ వస్తుంది, కొందరికి రాదు. అప్పుడు రెండు మూడు ఐపీల పూల్ మీద పాట్ నడపండి. పాట్ లేకుండా ఉత్త డైనమిక్ నాట్ పెడితే పది ఐపీల పూల్‌లో పదకొండో మెషీన్‌కి చోటుండదు, నన్నడిగితే ఈరోజుల్లో అది దండగ.

బయటివాళ్లు మీ సర్వర్‌కి రావాలంటే? వెబ్ ఒక్కటే అయితే 443 పోర్టుకి వచ్చేది సర్వర్‌కి వెళ్లేలా ఫార్వర్డ్ చేస్తే పనైపోతుంది. మెయిల్ సర్వర్‌కి స్టాటిక్ నాట్ ఇవ్వండి, ఎందుకంటే అది పంపే మెయిల్ ఏ ఐపీ నుంచి వెళ్తుందో దానికి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీని బట్టి పేరు చెప్పే రికార్డు) కుదరకపోతే చాలాచోట్ల స్పామ్‌లో పడుతుంది. స్టాటిక్ ఇచ్చాక ఫైర్‌వాల్ రూల్ మర్చిపోకండి. నాట్ ఉంది కదా, సేఫే అనుకోవడం ఒట్టి భ్రమ.

ఎక్కువమందికి టెన్షన్ పెట్టేది ఇంకోటుంది. బయటినుంచి బాగా తెరుచుకునే సైట్ ఆఫీసులో కూర్చుంటే తెరుచుకోదు. లోపలి మెషీన్ పబ్లిక్ ఐపీకి అడిగితే రౌటర్ దాన్ని సర్వర్‌కి పంపుతుంది, కానీ అదే సబ్‌నెట్‌లో (లోపలి నెట్‌వర్క్‌లో అదే భాగంలో) ఉన్న సర్వర్ రౌటర్‌ని దాటేసి నేరుగా తన ప్రైవేట్ ఐపీతో జవాబిస్తుంది, నేను నిన్నడగలేదే అని మెషీన్ దాన్ని పారేస్తుంది. దీనికి హెయిర్‌పిన్ నాట్ పెట్టొచ్చు, అంటే జవాబు కూడా రౌటర్ మీదుగానే వచ్చేలా చేయడం. నేనైతే లోపలి డీఎన్ఎస్‌లోనే సైట్ పేరుకి సర్వర్ ప్రైవేట్ ఐపీ ఇచ్చేస్తాను, రౌటర్ మీద బరువుండదు.

రెండు కంపెనీలు కలిసి, ఇద్దరి లోపలి నెట్‌వర్కూ 192.168.1.0 అయితే, వాటిని కలిపే వీపీఎన్ మీద ట్వైస్ నాట్ తప్పదు, అంటే సోర్సూ డెస్టినేషనూ రెండూ మార్చడం. అది తాత్కాలికంగా వాడుకుని, వీలు చూసి ఒకవైపు అడ్రస్‌లు మార్చేయండి.

ఏ రూల్ మార్చినా రౌటర్ టేబుల్‌లో రాసుకున్న పాత ట్రాన్స్‌లేషన్లు (అడ్రస్ జతలు) క్లియర్ చేసి టెస్ట్ చేయండి, లేకపోతే కొత్త రూల్ పనిచేయట్లేదని ఊరికే వెతుక్కుంటారు. క్లియర్ చేస్తే నడుస్తున్న కాల్స్, డౌన్‌లోడ్లు తెగుతాయి, అందుకే ఆఫీసు అయ్యాక చేయండి.