టోక్యో ప్రయాణం మీరే ప్లాన్ చేసుకోండి – 3వ పాఠం: దిగే గంట నుంచి వెనక్కి

రెండో పాఠంలో నెల తేల్చుకున్నాం. ఏప్రిల్ 29 నుంచి మే మొదటి వారం దాకా సాగే గోల్డెన్ వీక్, ఆగస్టు నడిమిన వచ్చే ఒబోన్ సెలవులు, కొత్త సంవత్సరం రోజులు వదిలేసి తేదీలు రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈ పాఠంలో టికెట్ ఎంచుకోవడం నేర్చుకుందాం. డబ్బు కట్టడం మాత్రం ఇప్పుడే వద్దు.

టికెట్ వెతికేటప్పుడు చాలామంది ముందు ధర చూస్తారు, తర్వాత బయల్దేరే టైం చూస్తారు. దిగే టైం చివరికెప్పుడో కంటపడుతుంది. దూర ప్రయాణానికి ఈ వరస తిరగెయ్యాలి. పది పన్నెండు గంటలు కూర్చుని, సరైన నిద్ర లేకుండా, భాష తెలియని ఊళ్లో దిగుతాం. దిగాక మొదటి కొన్ని గంటలు కుదురుగా గడిస్తే మర్నాటి నుంచి ఊరు చూడొచ్చు. అవి చెడితే రెండు రోజులు తేరుకోవడానికే పోతాయి. అందుకే ముందు దిగే గంట ఖాయం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టాలి.

టికెట్ మీది గంటలు

టికెట్ మీద కనిపించే ప్రతి టైమూ ఆయా ఊరి స్థానిక సమయమే. జపాన్ మొత్తానికీ ఒకటే టైం, యూటీసీ (అన్ని దేశాల గడియారాలకూ ఆధారమైన ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే 9 గంటలు ముందు. అక్కడ వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే పద్ధతి లేదు. మీరు బయల్దేరే దేశంలో ఆ పద్ధతి ఉంటే మాత్రం జపాన్‌తో తేడా వేసవిలో ఒక గంట మారుతుంది.

ఒక లెక్క చేసి చూద్దాం. వేసవిలో లాస్ ఏంజలెస్ యూటీసీకి 7 గంటలు వెనక ఉంటుంది. అక్కడ శుక్రవారం ఉదయం 11:00కి బయల్దేరిన విమానం పదకొండున్నర గంటలు ఎగురుతుందనుకోండి. 11:00కి 7 కలిపితే యూటీసీలో 18:00. దానికి పదకొండున్నర కలిపితే శనివారం 5:30. మళ్లీ 9 కలిపితే టోక్యోలో శనివారం మధ్యాహ్నం 2:30. టికెట్ మీద ఇది ‘14:30 +1’ అని ఉంటుంది. ఆ +1 అంటే మర్నాడని. తిరుగు ప్రయాణంలో ఆదివారం సాయంత్రం 5:00కి టోక్యోలో ఎక్కి పది గంటలు ప్రయాణిస్తే, అదే ఆదివారం ఉదయం 11:00కి లాస్ ఏంజలెస్‌లో దిగుతారు. కంగారు పడకండి, టికెట్‌లో తప్పేమీ లేదు. మధ్యలో అంతర్జాతీయ దినరేఖ, అంటే దాటితే తేదీ మారే గీత, దాటారు, అంతే.

ఈ +1 చూసుకోకపోతే హోటల్ దగ్గర ఇబ్బంది వస్తుంది. పదో తేదీన బయల్దేరుతున్నామని పదో తేదీ రాత్రికే గది తీసుకుంటాం, తీరా దిగేది పదకొండున. మీరు రాలేదు కాబట్టి హోటల్ వాళ్లు మొత్తం బుకింగే రద్దు చేసే అవకాశం ఉంది. గది ఎప్పుడూ దిగే తేదీని బట్టే తీసుకోవాలి.

ఏ విమానాశ్రయం?

టోక్యోకి రెండు ఉన్నాయి. 1978లో మొదలైన నారిటా (కోడ్ ఎన్‌ఆర్‌టీ) పక్కనున్న చిబా ప్రిఫెక్చర్‌లో (ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం), నగరం నడిబొడ్డుకి సుమారు 60 కిలోమీటర్ల దూరాన ఉంది. హనెడా (హెచ్‌ఎన్‌డీ) నగరంలోనే, సముద్రం ఒడ్డున ఉంది. హనెడా నుంచి కేక్యూ రైలెక్కితే నగరంలోని షినగావా స్టేషన్‌కి పావుగంట. నారిటా నుంచి స్కైలైనర్ రైలు నగరంలోని నిప్పోరి స్టేషన్‌కి 36 నిమిషాల్లో చేరుస్తుంది. నారిటా ఎక్స్‌ప్రెస్‌లో టోక్యో స్టేషన్‌కి దాదాపు గంట. రైళ్లు ఇంత బాగున్నాయి కాబట్టి పగలు దిగేటట్టయితే నారిటా అన్నంత మాత్రాన టికెట్ వదులుకోనక్కర్లేదు.

రాత్రి సంగతి వేరు. నారిటాలో రాత్రి 9:30కి దిగారనుకోండి. ఇమిగ్రేషన్ క్యూ, అక్కడ వేలిముద్రలు, ఫొటో, తర్వాత బ్యాగులు, కస్టమ్స్. ఇవన్నీ అయ్యేసరికి పది ముప్పావు. విమానం ఓ అరగంట ఆలస్యమైతే పదకొండుంబావు. నగరానికి వెళ్లే రైళ్లు అప్పటికి ఆఖరి దశలో ఉంటాయి. టోక్యోలో రాత్రంతా నడిచే రైళ్లు లేవు. దాదాపు ఒంటిగంటకి ఆగిపోయి మళ్లీ తెల్లవారుజామున అయిదు ప్రాంతంలో మొదలవుతాయి. నారిటా నుంచి టాక్సీకి 20,000 యెన్‌ల పైనే అవుతుంది, రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు ఛార్జీ 20 శాతం ఎక్కువ. చవక టికెట్‌లో మిగిలిన డబ్బు అక్కడే హరించుకుపోతుంది. నా మాట వింటే రాత్రి 8 తర్వాత నారిటాలో దిగే టికెట్ ఏదీ తీసుకోకండి. తప్పనిసరైతే ఆ రాత్రికి విమానాశ్రయం దగ్గరి హోటల్లోనే ఉండండి.

తెల్లవారుజామున దిగడం చాలామందికి లాభంగా అనిపిస్తుంది, ఒక రోజు కలిసొస్తుందని. కానీ అక్కడి హోటళ్లలో గది ఇచ్చేది సాధారణంగా మధ్యాహ్నం మూడింటికి. ముందే వెళ్తే రిసెప్షన్‌లో బ్యాగులు ఉంచుకుంటారు గానీ గది ఇవ్వరు. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే నిద్రకళ్లతో తొమ్మిది గంటలు బయట తిరగడం నిజంగా నరకం.

మంచి సమయం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు లోపు. గది సిద్ధంగా ఉంటుంది, రైళ్లుంటాయి, ఇంకా వెలుతురుంటుంది. ఆ వెలుతురుతో ఇంకో మేలు కూడా ఉంది. మన శరీరంలోని గడియారాన్ని వెలుగు జరుపుతుంది. శరీర ఉష్ణోగ్రత బాగా తగ్గే సమయం, అంటే బయల్దేరిన ఊరి లెక్కన తెల్లవారుజాము నాలుగైదు గంటలు, దానికి ముందు వెలుగు తగిలితే గడియారం వెనక్కి పోతుంది, తర్వాత తగిలితే ముందుకొస్తుంది. శీతాకాలంలో లండన్ నుంచి వచ్చినవాళ్లకి ఆ సమయం టోక్యోలో మధ్యాహ్నం ఒంటిగంట రెండు మధ్య పడుతుంది. వాళ్ల గడియారం ముందుకు రావాలి కాబట్టి మొదటి రోజు ఉదయం ఎండకి నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఆ తర్వాత బయట నడవాలి. లాస్ ఏంజలెస్ నుంచి వచ్చినవాళ్లకి వేసవిలో అది రాత్రి ఎనిమిది తొమ్మిది. వాళ్ల గడియారం వెనక్కి పోవాలి కాబట్టి వాళ్లకీ సాయంత్రపు వెలుగే పనికొస్తుంది. గదిలో సామాన్లు పడేసి, మంచం మీద వాలకుండా, చీకటి పడేదాకా వీధుల్లో నడవండి. తొమ్మిదింటికి పడుకుంటే చాలు.

కనెక్షన్ ఫ్లైట్లు

మధ్యలో విమానం మారాల్సి వస్తే రెండూ ఒకే పీఎన్‌ఆర్‌లో (బుకింగ్ నంబరులో) ఉన్నాయా అన్నది ముందు చూడండి. ఒకే టికెట్ అయితే మొదటిది ఆలస్యమై రెండోది అందకపోయినా తర్వాతి విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విడివిడిగా కొంటే ఆ నష్టం మీదే. పైగా మధ్యలో బ్యాగులు తీసుకుని మళ్లీ చెకిన్ చెయ్యాలి, అందుకు ఆ దేశంలోకి ప్రవేశించాలి, దానికి వీసా అవసరం పడొచ్చు. టోక్యో నుంచి జపాన్‌లోనే ఇంకో ఊరికి వెళ్లేవాళ్లు ఇంకొకటి కూడా గమనించండి. కొన్ని టికెట్లు నారిటాలో దింపి హనెడాలో ఎక్కిస్తాయి. బస్సులో గంటకు పైనే పడుతుంది. మధ్యలో నాలుగు గంటలైనా లేకపోతే ఆ టికెట్ వద్దు.

అభ్యాసం

మీ తేదీలకు దొరికే టికెట్లలో మూడింటిని కాగితం మీద రాయండి. ఒక్కోదాని ఎదుట దిగే విమానాశ్రయం, దిగే గంట, దానికి గంటన్నర కలిపితే వచ్చే గంట, ఆ వేళకి రైలుందా లేదా, గది చేతికొచ్చే టైం, ఇవన్నీ అయ్యాక ఆఖరున ధర రాయండి.

రెండోది. ఒక విమానం 12వ తేదీ అర్ధరాత్రి దాటాక 00:25కి హనెడాలో దిగుతుంది. గది ఏ తేదీ రాత్రికి తీసుకోవాలి? హోటల్ వాళ్లకి ముందుగా ఏం చెప్పాలి? జవాబు నాలుగో పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో టోక్యో నడిబొడ్డు చుట్టూ తిరిగే యమనోటె రైలు మార్గాన్ని చూస్తూ బస ఏ పేటలో తీసుకోవాలో తేల్చుకుందాం. టోక్యో రైలు మ్యాప్ ఒకటి సంపాదించి ఉంచుకోండి.