అమెరికాలో పాత డిఫెండర్ కొంటున్నారా? నంబరు మార్చిన బండిని పట్టుకోవడం ఎలా?

"టైటిల్ క్లీన్‌గా ఉంది బ్రదర్" అనే మాట వినగానే చాలామంది అడ్వాన్సు పంపేస్తారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి, వారాంతాల్లో సరదాగా నడపడానికి ఇంగ్లండు నుంచి వచ్చిన పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ కొనాలనుకునే మనవాళ్ళు ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. బండి ఎవరి పేరున ఉందో మాత్రమే టైటిల్ చెబుతుంది. అది ఏ ఏడాది ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిందో డీఎంవీ (బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసు) గుమాస్తా బానెట్ ఎత్తి చూసి రాయడు. చేతికిచ్చిన కాగితంలో ఏముంటే అదే ఎక్కిస్తాడు.

ఈ మోసం ఎందుకు పుట్టిందో తెలిస్తే దాన్ని పట్టుకోవడం సులువు. అమెరికా భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు తయారుకాని విదేశీ బండిని దిగుమతి చేసుకోవాలంటే దానికి 25 ఏళ్ళు నిండాలి. మోడల్ సంవత్సరం కాదు, తయారైన తేదీ నుంచి లెక్క. కాలుష్యం సంగతి చూసే ఈపీఏకి 21 ఏళ్ళు చాలు గానీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి. ల్యాండ్ రోవర్ సంస్థ తానే అమెరికాలో అమ్మిన పాత తరం డిఫెండర్లు 1993-97 మధ్యవి కొన్నే. కాబట్టి గిరాకీ ఎక్కువ, సరుకు తక్కువ. ఇంకేముంది, తుక్కుకు పోయిన 1980ల బండి విన్ ప్లేటు (బండి గుర్తింపు నంబరు చెక్కిన రేకు) పీకి కొత్త బండికి తగిలించేవాళ్ళు తయారయ్యారు.

అధికారులకు ఇదంతా తెలుసు. 2013లో అక్రమంగా వచ్చిన ఒక డిఫెండర్‌ను కస్టమ్స్ వాళ్ళు నుజ్జునుజ్జు చేసి ఆ వీడియో విడుదల చేశారు. 2014 జూలైలో పలు రాష్ట్రాల్లో ఇళ్ళ ముందున్న డిఫెండర్లను, దాదాపు 40, పట్టుకెళ్ళారు. యజమానులు లాయర్లను పెట్టుకుని పోరాడాక మరుసటి ఏడాది చాలా బండ్లు తిరిగొచ్చాయి. కానీ అన్నాళ్ళ టెన్షన్, లాయర్ ఫీజు ఎవరిస్తారు?

1. ముందు కాగితాలు అడగండి

బండి చూడ్డానికి వెళ్ళకముందే మూడు దిగుమతి పత్రాల కాపీలు పంపమనండి: కస్టమ్స్ ఎంట్రీ సమ్మరీ అయిన ఫారం 7501, రవాణా శాఖ వారి హెచ్ఎస్-7, ఈపీఏ వారి 3520-1. మూడింటిలోనూ విన్ నంబరు ఒకటేనా, బండి వయసు వివరాలు ఒకదానికొకటి సరిపోతున్నాయా చూడండి. వీటితో పాటు బ్రిటిష్ లాగ్‌బుక్ (మన ఆర్‌సీ లాంటిది) వీ5సీ కూడా అడగండి. "అవన్నీ పాత ఓనర్ దగ్గరే ఉండిపోయాయి" అన్నారంటే, నా మటుకు నేను అక్కడే ఆగిపోతాను.

వెర్మాంట్ రిజిస్ట్రేషన్ మాత్రమే చూపిస్తే ఇంకాస్త జాగ్రత్త. ఆ రాష్ట్రంలో 15 ఏళ్ళు దాటిన బండ్లకు టైటిల్ తప్పనిసరి కాదు. పైగా 2023 దాకా అక్కడ ఉండనివాళ్ళు కూడా పోస్టులో రిజిస్ట్రేషన్ తెప్పించుకునేవాళ్ళు. అలా తెచ్చుకున్నవాళ్ళంతా దొంగలని కాదు, కానీ దొంగకు అది మంచి దారి.

2. బ్రిటన్ వైపు చరిత్ర చూడండి

పాత బ్రిటిష్ రిజిస్ట్రేషన్ నంబరు తెలిస్తే అక్కడి ప్రభుత్వ సైట్‌లో ఏటా జరిగే ఎంఓటీ (ఫిట్‌నెస్) పరీక్షల చరిత్ర ఉచితంగా చూడొచ్చు. మైలేజీ వరస, రంగు, తుప్పు గురించిన వ్యాఖ్యలు అన్నీ ఉంటాయి. ఛాసిస్ కుళ్ళిపోయిందని ఫెయిలై, తర్వాత ఏళ్ళ తరబడి పరీక్షకే రాని బండి, ఇప్పుడు మీ ముందు తళతళా మెరుస్తోందంటే ఆలోచించాల్సిందే.

అమెరికా విన్ చెక్ సైట్లను మరీ నమ్ముకోకండి. బీమా కంపెనీల సంస్థ ఎన్ఐసీబీ ఇచ్చే ఉచిత తనిఖీలో ఇక్కడి బీమా కంపెనీల రికార్డులే కనిపిస్తాయి. లండన్‌లో దొంగతనమైన బండి అందులో శుభ్రంగానే కనబడుతుంది.

3. ఇనుమును చదవండి

అసలు పని ఇదే. దీనికి ఒక పూట పెట్టుకోండి, డిఫెండర్లు బాగా తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళండి.

బానెట్ కింద ఉన్న విన్ ప్లేటు చూడండి. రివెట్లు కొత్తగా మెరుస్తున్నాయా? చుట్టూ రంగు తేడాగా ఉందా? ప్లేటు ఊడదీసి మళ్ళీ కొట్టడం పది నిమిషాల పని, కాబట్టి దాంతో ఆగొద్దు. ఛాసిస్ కుడివైపు ముందు భాగంలో, స్ప్రింగు దగ్గర నంబరు గుద్ది ఉంటుంది. వైరు బ్రష్‌తో మట్టి తీసి, మన ఆర్టీఓ ఆఫీసుల్లో చేసినట్టే కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయండి. అంకెలు వంకరగా ఉన్నా, లోతులో తేడా ఉన్నా, ఆ చోట గ్రైండర్ గీతలో వెల్డింగో కనిపించినా బేరం వదిలేయండి.

తర్వాత వయసు చూడాలి. 300టీడీఐ ఇంజన్ 1994లో, టీడీ5 1998లో వచ్చాయి. 2007 నుంచి ఫోర్డ్ 2.4 లీటర్ ఇంజన్ వచ్చింది. ఆ బండ్లకు బానెట్ మధ్యలో ఉబ్బు ఉంటుంది, ముందు అద్దం కింద తెరుచుకునే గాలి మూతలు ఉండవు, గేర్లు ఆరు. అలాంటి బండికి 1986 అని కాగితం ఉందనుకోండి, ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. 2007లో తయారైన బండి 25 ఏళ్ళ మినహాయింపు కిందికి వచ్చేది 2032లోనే. బానెట్, డ్యాష్‌బోర్డ్ విడిగా కొని బిగించుకునేవాళ్ళూ ఉన్నారు. అందుకే ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకండి, అన్నీ కలిపి చూడండి. ఇంకో గుర్తు స్ప్రింగులు. వీటికి ముందు తరమైన సిరీస్ 3 బండ్లకు ఉండేవి పట్టీల స్ప్రింగులు. కాగితం సిరీస్ 3 అని, కింద కాయిల్ స్ప్రింగులు ఉంటే ఆ రెండూ ఒక బండివి కావు.

ఒక చిన్న విషయం. డిఫెండర్ అన్న పేరు పెట్టింది 1990లో. అంతకుముందు నైన్టీ, వన్ టెన్ అనేవారు. కాబట్టి "1987 డిఫెండర్" అని ప్రకటన వేస్తే అది మోసం కాదు, వాడుక మాట అంతే.

చిక్కంతా మార్చిన ఛాసిస్ దగ్గర వస్తుంది. ఈ బండ్ల ఛాసిస్ తుప్పు పట్టడం మామూలే. నిజాయితీగా గాల్వనైజ్డ్ ఛాసిస్ వేయించుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. బ్రిటన్‌లో దీనికి 2025 దాకా పాయింట్ల లెక్క ఉండేది: ఛాసిస్‌కు 5, స్టీరింగ్, సస్పెన్షన్, యాక్సిల్స్, గేర్‌బాక్స్‌కు రెండేసి, ఇంజన్‌కు 1. కనీసం 8 వస్తేనే పాత రిజిస్ట్రేషన్ నంబరు నిలిచేది. అయితే అక్కడ నిలిచిన నంబరు ఇక్కడి 25 ఏళ్ళ ప్రశ్నకు జవాబు కాదు. ఛాసిస్ మారిందంటే దాని బిల్లు, పని జరుగుతున్నప్పటి ఫోటోలు, పాత ఛాసిస్ నంబరు ఫోటో అడగండి. దిగుమతి వ్యవహారాలు చూసే లాయర్‌కు అవి చూపించాకే డబ్బు కదపండి.

4. ఒప్పందం రాయించుకోండి

తయారీ తేదీ, విన్ మార్చలేదన్న హామీ, జప్తు జరిగితే డబ్బు వాపసు, ఇవన్నీ బిల్ ఆఫ్ సేల్‌లో ఉండాలి. "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టే, హామీ లేదు) అన్న ముక్క ఉంటే సంతకం పెట్టకండి. మామూలు బీమా పాలసీల్లో ప్రభుత్వం జప్తు చేసిన బండికి పరిహారం ఉండదు. బండి పోయినా లోన్ కట్టాల్సిందే. మీరే దిగుమతి చేసుకుంటుంటే హెచ్ఎస్-7 మీద సంతకం మీది, అందులో అబద్ధం ఉంటే జవాబు చెప్పాల్సింది మీరే. వీసా మీద ఉన్నవాళ్ళు ఇది తేలిగ్గా తీసుకోవద్దు.

5. ఇప్పటికే కొనేసి ఉంటే

"నాకు తెలియదు సార్, నమ్మి కొన్నాను" అన్న మాట అన్నిచోట్లా చెల్లదు. 2000లో వచ్చిన జప్తు సంస్కరణ చట్టం అమాయక యజమానికి రక్షణ ఇచ్చింది గానీ, కస్టమ్స్ చట్టం కింద జరిగే జప్తులను అందులోంచి మినహాయించింది. నోటీసు వస్తే దాని మీది తేదీ చూసుకోండి. ఉపశమనం కోరే అర్జీకి సాధారణంగా 30 రోజులే గడువు. ఆ లోపు లాయర్‌ను కలవండి.

నోటీసు రాకముందే మీకే అనుమానం వచ్చిందా? మెల్లగా ఇంకొకరికి అంటగట్టేద్దాం అనుకోకండి. విన్ మార్చారని తెలిసి అమ్మితే ఫెడరల్ చట్టంలో పదేళ్ళ దాకా జైలు. నంబరును సరిచేయడం కూడా నేరమే, దానికి ఐదేళ్ళ దాకా. ప్లేటును ముట్టుకోకుండా, ఉన్నది ఉన్నట్టు ఫోటోలు తీసి, కాగితాలన్నీ ఒకచోట చేర్చి లాయర్ దగ్గరికి వెళ్ళండి.